రెండు నిమిషాలు

ఇసకపల్లి దారిలో
బకింగ్‌హాం కాలువ దాటేసరికి
స్కూటీ సీటు కింద స్క్రూడ్రైవర్లు
నాకంటే ముందే వణుకుతున్నాయి.

చెరువుల గట్టు మీద రేకుల గది.
ఒక నులక మంచం, రెండు మేత బస్తాలు,
ఉప్పుగాలికి తుప్పెక్కిన కంప్యూటరు.
తెర మీద ఎర్ర అక్షరాలు:
మీ ఫైళ్ళు మా దగ్గరున్నాయి.
మూడు రోజుల్లో డబ్బు కట్టండి.

"ఏంది గౌసియా ఇది? నేనెవురికి బాకీ?"
పెంచలయ్యకు మేత కంపెనీలో బాకీ ఉంది,
ఐసు ఫ్యాక్టరీలో ఉంది,
ఊరూ పేరూ లేనివాడి దగ్గర మాత్రం
ఎప్పుడూ చెయ్యి చాచలేదు.

ఆరు చెరువుల లెక్కా అందులోనే.
ఎన్ని లక్షల పిల్ల వదిలిందీ,
ఏ అమాసకు కుబుసం విడిచిందీ,
నలభై కౌంటు ఎన్నాళ్ళకొస్తుందీ.
ఇప్పుడు ప్రతి పేరు చివరా
అర్థంకాని అక్షరాల తోక.

ఆయన కిటికీలోంచి చెయ్యి చూపించాడు.
"ఆ నీలం వల చూడు మే. మోకాటెత్తు.
పీత ఎక్కలేదు. పీత రాకపోతే
దాని ఒంటి మీద తెల్లమచ్చా రాదు.
పైన దారాలు కొంగల కోసరం.
తూము కాడ అరవై మెష్ గుడ్డ.
ఇన్ని కట్టినోడికి
ఈ డబ్బాలోకి ఏం దూరిందో తెలీలా."

"దీనికీ ఒక వల ఉంది.
ఫైర్‌వాల్ అంటారు."

"గోడకు అగ్గేంది?"

"అగ్గి అవతలే ఆగిపోను గోడ.
గోడ కూడా కాదులే, మీ తూము గుడ్డే.
కంప్యూటరుకు అరవై అయిదు వేల తలుపులు.
ఏ తలుపు ఎవరికి తియ్యాలో
దానికి తెలుసు.
విండోసుతోనే వస్తుంది, వేరే కొననక్కర్లా."

"మరి మన గుడ్డ ఏమైంది?"

లాగ్ తెరిచి
కిందికి, ఇంకా కిందికి జరిపాను.
ఫైర్‌వాల్ ఆపబడినది.
జూన్ పద్దెనిమిది, సాయంత్రం నాలుగూ పది.

జూన్ పద్దెనిమిది.
కొత్త ప్రింటరు.
గోడౌన్ కంప్యూటరు నుంచి బిల్లు రావట్లేదని
రెండు నిమిషాలేగా అని
ఆపింది నేను.
బిల్లు వచ్చింది, వేడివేడిగా.
అంతలో అల్లూరు నుంచి ఫోను,
ఎవరిదో మానిటరు వెలగట్లేదని.
లేచి పోయాను.
నాలుగు నెలలు
తూము బార్లా తెరిచే ఉంది.

బయట రెండు చెరువులు ఎండి నెర్రెలిచ్చాయి.
పోయినేడు మాలకొండయ్య
గుడ్డకు నాచు పట్టి నీళ్ళు పారట్లేదని
రెండు నిమిషాలు ఎత్తాడంట.
వారం తిరక్కముందే రొయ్య తెల్లబడింది.
ఆయన్ని మళ్ళీ గట్టెక్కనీలేదు.
ఇప్పుడు కావలిలో ఆటో తోలుతున్నాడు.

"మన శీనయ్యే అయ్యుంటాడు,
పాటలెక్కిస్తా పెన్‌డ్రైవ్ పెట్టుంటాడు"
అన్నాడు పెంచలయ్య.
అవతల శీనయ్య తెప్ప మీద నిలబడి
మేత చల్లుతున్నాడు,
ఈ గదిలో తన పేరు పలికినట్టు తెలియక.

ఎంత తేలిక.
ఊ అంటే చాలు.
నాలుక మీదికి వచ్చింది కూడా.

"శీనయ్య కాదు. నేనే."
తేదీ చూపించాను. టైము చూపించాను.
ప్రింటరు వైపు చూడలేకపోయాను.

ఏరేటర్లు నీళ్ళను కొడుతూనే ఉన్నాయి.
ఆయన చాలాసేపు వాటినే విన్నాడు.
తర్వాత మంచం కిందినుంచి
మేత కంపెనీ క్యాలెండరు లాగాడు.
వెనకవైపు పెన్సిలు లెక్కలు,
కొన్ని చెమటకు అలుక్కుపోయినవి.
"ఆగస్టు దాకా ఉండాయి.
వాడికి పైసా కట్టేది లే.
ముందు ఆ గుడ్డ కట్టు.
తిట్టేది తర్వాత తిడతా."

చీకటి పడేదాకా కూర్చున్నాను.
డిస్కు తుడిచి, విండోసు మళ్ళీ ఎక్కించి,
ప్రింటరుకు ఒక్క తలుపు మాత్రం తీసి
మిగతావి మూసి,
మూశానా అని మూడుసార్లు చూసుకొని.

ఆయనింకా తిట్టలేదు.
గట్టు దిగే చోట
పర్మాంగనేటు తొట్టి, ఊదారంగు నీళ్ళు,
చెరువుల మీదికి వచ్చే ప్రతివాళ్ళూ
కాళ్ళు ముంచి రావాలని.
పొద్దున చెప్పులు తడుస్తాయని
నేను దాన్ని దూకి వచ్చాను.